బయట ఏదీ తాగొద్దన్నారు

హనోయ్ విమానాశ్రయం నుంచి బస్సు బయల్దేరి పది నిమిషాలు కాలేదు, పెద్దసారు మైకు పట్టుకున్నారు. ఆయన మా మడికొండ కాలనీలో ఉండే రిటైర్డ్ హెడ్‌మాస్టర్. ఈ వియత్నాం టూరు కుదిర్చింది ఆయనే. వంటమనిషితో కలిపి ముప్ఫై మందిమి.

"ఒకటే రూలు," అన్నారు. "బయట ఏదీ తాగొద్దు. జ్యూసు గాని, కాఫీ గాని, ఐసు గాని, ఏదీ ముట్టొద్దు. మన చాయ్ మనకున్నది. పొద్దున ఒకపారి, పొద్దుమూకి ఒకపారి ఫ్లాస్కుల్ల వస్తది. ఒక్కలకు కడుపు ఖరాబైతే అందరి ప్రోగ్రాం ఖరాబైతది."

బస్సంతా తలూపింది. నా పక్క సీట్లో కూర్చున్న మా అత్తమ్మ కూడా ఊపింది. ముందు సీట్లో పెద్దసారు భార్య ఫ్లాస్కుల సంచీ ఒళ్లో పెట్టుకుని, తల ఊపకుండానే ఊపినట్టు కూర్చుంది. నేను మాత్రం ఊపలేదు.

నేను సర్కారు దవాఖానాలో ఇరవై ఎనిమిదేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌ని. వానాకాలం వస్తే వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో నీళ్లు చేసే నాశనమంతా మొదట కనిపించేది నా మైక్రోస్కోపు కిందే. ఏ నీళ్లకు భయపడాలో నాకు తెలుసు, భయపడాల్సిన చోట భయపడతాను కూడా. కానీ ఒక దేశం దేశమంతా పొద్దున లేచి తాగేదాన్ని రోగమని మైకులో చెబితే నాకు ఒళ్లు మండుతుంది. పైగా నేనేం తాగాలో, ఎప్పుడు తాగాలో ఇంకొకరు చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ పడదు. చాయ్ తాగితే ఆడపిల్లలు నల్లబడతారని మా ఇంట్లో పదో తరగతి దాకా నాకు చాయ్ పోయలేదు. మా తమ్ముడికి పోసేవాళ్లు. వాడు నాకంటే నలుపు.

పెళ్లయి మగ్గాల వాడలోని అత్తగారింటికి వచ్చాక చాయ్ దొరికింది గానీ అదొక రకం చాయ్. ఇంట్లో ఎనిమిది మందిమి. రెండు గుంట మగ్గాలు పొద్దంతా ఆడేవి. అత్తమ్మ పొద్దున్నే పెద్ద గిన్నెలో చాయ్ కాచి ముందు మగవాళ్లకు, తర్వాత ఆడబిడ్డలకు పోసి, ఆ తర్వాత తను తాగేది. అడుగున మిగిలిన పొడి మీద మళ్లీ నీళ్లు పోసి మరిగించి, దానికి ఓ చెంచా పాలు చూపించి నాకు ఇచ్చేది. రెండో నీళ్ల చాయ్. పన్నెండేళ్లు అదే తాగాను. మధ్యలో నాకు ఉద్యోగం వచ్చింది. నేను స్టెత్‌లూ తెల్లకోట్లూ తిరిగే చోట పనిచేసి వస్తున్నా నా చాయ్ మాత్రం మారలేదు. వేరు పడి మడికొండకు వచ్చి, వంటిల్లు నా చేతికి వచ్చాక, తర్వాత అత్తమ్మ మగ్గం మానేసి మా దగ్గరికే వచ్చి ఉన్నా ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. మరిచిపోయానని అత్తమ్మ అనుకుని ఉంటుంది.

అలాంటి అత్తమ్మ నా పక్క సీట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలి. టూరు సంగతి తెలియగానే నేను పేరు ఇచ్చి వచ్చాను. మా ఆయన ఎనుమాముల మార్కెట్లో మిర్చి కొనే ఓ దుకాణంలో గుమాస్తా. టూరు మార్చిలో; ఆ నెలంటే యార్డు మొత్తం ఎర్రగా మిర్చి బస్తాలతో నిండి ఉంటుంది, ఆయనకు తుమ్మడానికి కూడా తీరిక ఉండదు.

"సీజన్ల నేను యాడికి కదుల్త? నువ్వు పోతే అమ్మను ఎవలు చూడాలె?" అన్నాడు.

"నేనే చూస్త. ఎంబడి తీస్కపోత."

"డెబ్బై మూడేండ్ల మనిషిని వియత్నాంకా? దిమాక్ ఉన్నదా?"

"మనిషే గద, మూట గాదు గద. నడుస్తది."

లోపలి గదిలోంచి అత్తమ్మ గొంతు వినపడింది. "నన్ను అడగకుంటనే మీరిద్దరే మాట్లాడుకుంటాన్రు. నేను పోత." అంతటితో ఆ చర్చ అయిపోయింది.

హోటల్ ముందు బస్సు దిగగానే ఎదురుగా చెరకు బండి కనిపించింది. పెద్దసారు గది తాళాలు పంచుతుంటే నేను రోడ్డు దాటాను. ముందు ఐసు చూశాను. నడుమ బొక్క ఉన్న గొట్టం ముక్కలు. అలాంటివి ఫ్యాక్టరీలో శుద్ధి చేసిన నీళ్లతో చేస్తారని, దిమ్మ పగలగొట్టి వేసే చోటే ఆలోచించుకోవాలని వచ్చేముందే చదువుకున్నాను. బండి ఆమె చెరకు గడలతో పాటు ఉసిరికాయంత నారింజల్లాంటి పుల్లకాయలు నాలుగు తొక్కతో సహా గానుగలో వేసి తిప్పింది. నూక్ మీఅ అంటారు దాన్ని. తీపి వెనకాలే పులుపు, ఆ వెనక తొక్క చేదు కొంచెం. మన దగ్గర మే నెల ఎండలో కూడా చెరకు రసం ఇంత చల్లగా గొంతు దిగడం నాకు గుర్తు లేదు.

అత్తమ్మ మెల్లగా రోడ్డు దాటి వచ్చింది. "సారు చూస్తాండే."

"చూడనీ."

నా గ్లాసు తీసుకుని ఓ గుక్క తాగింది. "నిమ్మకాయ పిండకపాయె, పులుపు యాడికెళ్లి వచ్చింది?" అంటూ మొత్తం ఖాళీ చేసింది. నేను ఇంకోటి చెప్పుకున్నాను.

తిరిగి వచ్చేసరికి పెద్దసారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. "అమ్మా, బస్సుల ఏం చెప్పిన?"

"విన్న సార్."

"విని మల్ల గిదేంది?"

"విన్న, తాగిన. కడుపు నాది సార్. నొస్తే నేనే చూసుకుంట."

అందరి ముందూ అన్నాను. వెనక నుంచి ఎవరో చిన్నగా దగ్గారు. ఆయన నావైపు ఓ కొంటె పిల్లను చూసినట్టు చూసి తాళం చేతిలో పెట్టారు.

ఆ రోజు సాయంత్రం ఫ్లాస్కు చాయ్ వచ్చే వేళకు నేనూ అత్తమ్మా పక్క గల్లీలో ఉన్నాం. ఫుట్‌పాత్ మీద జానెడు ఎత్తు ప్లాస్టిక్ పీటలు వేసి ఉన్నాయి. వాటి మీద ఆఫీసుల వాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని గ్లాసులతో కూర్చున్నారు. నాకు కూర్చోవడం కష్టమైంది గానీ, జీవితమంతా చరఖా ముందు కండెలు చుట్టిన అత్తమ్మ మాత్రం ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంది. అక్కడ అమ్మేది చా దా. చిక్కటి పచ్చి తేయాకు డికాషన్ కొంచెం గ్లాసులో వంచి, నిండా నీళ్లూ ఐసూ వేసి ఇస్తారు. పాలుండవు, చక్కెర ఉండదు. ఆ ఊళ్లో ఏ పని మధ్యలోనైనా, ఏ మాట మధ్యలోనైనా తాగేది అదే.

అత్తమ్మ ఓ గుక్క తాగి మొహం చిట్లించింది. "గిదేం చాయ్? ఆకు కడిగిన నీళ్లు."

నేను అనుకుని అనలేదు. నోట్లోంచి వచ్చేసింది. "పన్నెండేండ్లు నాకు పోసింది గిదే గద అత్తా."

గ్లాసు ఆమె చేతిలో అలాగే ఆగింది. ముందు నుంచి మోటారు సైకిళ్లు పోతూనే ఉన్నాయి. గ్లాసు కింద పెట్టి, "యాద్ పెట్టుకున్నవా?" అంది.

"పెట్టుకోనా మరి?"

"మా అత్త నాకు గది గూడ పోయలె. చాయ్ వాసన సూస్తనే గంజి తాగి మగ్గం ఎక్కేదాన్ని."

"నీకు దొరకకుంటే నాకెందుకు ఇయ్యొద్దు?"

ఆమె అబద్ధం చెప్పొచ్చు. ఇంట్లో అప్పుడు పాలు తక్కువనో, పెద్ద కుటుంబమనో అనొచ్చు. చెప్పలేదు. "నాకు దొరకంది నీకెందుకు దొరకాలె అనుకున్న. గంతే," అంది.

నేను లేచి గల్లీ చివరి దాకా నడిచాను. ముప్ఫై ఏళ్లలో ఆమె నాతో మాట్లాడిన అన్ని మాటల్లోకీ అదే నిజమైన మాట, దాంతో నా కోపం తగ్గకపోగా పెరిగింది. ఆమె కావాలనే చేసిందని ఇన్నాళ్లూ నేను అనుకుంటూనే ఉన్నాను. అది నిజమని ఆమె నోటితో విన్నాక నిలబడ్డ చోట నిలబడలేకపోయాను. మలుపు దగ్గర పూలబండి పక్కన కాసేపు నిలబడి, భాష రాని ఊళ్లో ఆ మనిషిని ఒంటరిగా వదిలేయలేక వెనక్కి వచ్చాను. రెండు వేళ్లు చూపించి కాబోలు, అత్తమ్మ ఇంకో రెండు గ్లాసులు తెప్పించుకుని ఉంది. ఒకటి నా పీట ముందు పెట్టి ఉంది. దాహంగా ఉంది కాబట్టి తాగాను, అంతకు మించి ఏమీ లేదు. అప్పటికి పొద్దు పూర్తిగా వాలింది.

మర్నాడు శనివారం. గైడ్ అందరినీ ఒక తామర చాయ్ దుకాణానికి తీసుకువెళ్లాడు. చా సేన్ అంటే ఆ ఊళ్లో పెద్ద మర్యాద. తామరపూల లోపల బియ్యపు గింజల్లా ఉండే తెల్లటి కేసరాల పరిమళం తేయాకుకు పట్టించి, ఆరబెట్టి, మళ్లీ పట్టిస్తారట. పెద్దసారు గుమ్మంలోనే రూలు మళ్లీ చెప్పారు. "కొనుక్కోవచ్చు. ఇంటికి పోయినంక తాగొచ్చు. ఇక్కడ తాగుడు లేదు."

మేమిద్దరం పోయి బల్ల ముందు కూర్చున్నాం. దుకాణం ఆమె చిన్న మట్టి కూజాలో ఆకు వేసి, వేడినీళ్లు పోసి, మూత పెట్టి, క్షణంలో ఆ నీళ్లన్నీ కప్పుల మీదా పళ్లెంలోనూ పారబోసింది. అత్తమ్మ అయ్యో అంది. గైడ్ ఇంగ్లీషులో చెప్పింది నేను ఆమెకు చెప్పాను. మొదటి నీళ్లు ఆకు కడగడానికి, కప్పులు వేడి చేయడానికి మాత్రమే. తాగేది రెండో నీళ్లు. వాసనంతా అందులోనే దిగుతుంది.

అత్తమ్మ కళ్లు మెరిశాయి. "విన్నవా పిల్లా? రెండో నీళ్లే మంచియట. పన్నెండేండ్లు నీకు మంచియే పోసిన నేను!"

"మంచియైతే నువ్వెందుకు తాగలే?"

ఆమే ముందు నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వకూడదనుకుంటూనే నేనూ నవ్వాను. ఏం జరిగిందో అర్థం కాక దుకాణం ఆమె కూడా నవ్వింది. ఆ తర్వాత అందించిన మొదటి కప్పు అత్తమ్మ రెండు చేతులతో తీసుకుంది. కాసేపు చూసి నా చేతిలో పెట్టింది. రెండోది తను తాగింది.

మధ్యాహ్నం గుడ్డు కాఫీ దగ్గర మాత్రం శనివారం అడ్డొచ్చింది. కా ఫే చుంగ్ హనోయ్‌లోనే పుట్టిందట. పాలకు కరువొచ్చిన కాలంలో ఎవరో పాల బదులు గుడ్డు పచ్చసొనను చక్కెర వేసి నురగ వచ్చేదాకా గిలకొట్టి కాఫీ మీద వేశారట. మెట్లెక్కి మేడ మీది చిన్న గదిలో కూర్చున్నాక అత్తమ్మకు ఆ సంగతి చెప్పాను.

"ఇయ్యాల శనివారం. నేను గుడ్డు ముట్ట," అంది. నేను తాగుతుంటే మాత్రం కన్ను తిప్పకుండా చూసింది. చల్లారకుండా కప్పును వేడినీళ్ల గిన్నెలో పెట్టి తెచ్చారు. పైన మీగడలాంటి పసుపు నురగ, కింద నల్లటి చేదు. గుడ్డు నీచు వాసన లేనే లేదు. చెంచాతో తినాలో తాగాలో తెలియని పదార్థం అది.

"ఎట్లున్నది?"

"చెప్తే అర్థం గాదు."

"రేపు ఐతారమే గద," అంది.

ఆదివారం పొద్దున ఎనిమిదికి బస్సు. కాఫీ కొట్టు తెరిచే వేళకు వెళ్లి మొదటి బేరం మేమే అయ్యాం. అత్తమ్మ చెంచాతో నురగ నాకి, కప్పు వంచి నల్లటిదంతా తాగి, పై పెదవి మీద పసుపు గీతతో బస్సెక్కింది. పెద్దసారు గడియారం చూసుకుంటున్నారు.

"ఇద్దరి కోసం బస్సంతా ఆగాల్నా?"

"యాడ ఆగింది సారూ? ఎనిమిదికి ఇంక అయిదు నిమిషాలున్నది," అంది అత్తమ్మ, ఆయన గడియారం వైపే వేలు చూపించి. ఇస్త్రీ చొక్కాల మగవాళ్ల ముందు జీవితమంతా కొంగు సర్దుకున్న మనిషి ఆమె. నేను ఆమె మొహం వైపు కొత్తగా చూశాను. ముందు సీట్లో పెద్దసారు భార్య కిటికీ వైపు తిరిగిపోయింది, నవ్వు దాచుకోవడానికే అయి ఉంటుంది.

బస్సు కొండల మధ్యకు వెళ్లింది. వరిమళ్లు, కర్ర స్తంభాల మీద ఎత్తుగా కట్టిన ఇళ్లు. ఒక ఇంటి కింద నీడలో మగ్గం ఉంది. అత్తమ్మ వయసే ఉన్న ఒకామె నేస్తోంది. మిగతా వాళ్లు ఫోటోలు తీసుకుని ముందుకు పోయారు. అత్తమ్మ పోలేదు. మగ్గం చుట్టూ తిరిగింది, గుడ్డ అంచు పట్టి చూసింది, పోగు నేసే నాడె చేతిలోకి తీసుకుని బరువు చూసింది. పడుగులో ఒక పోగు తెగి వేలాడుతోంది. ఆమె అడగకుండానే రెండు కొసలూ పట్టుకుని, వేళ్లు తడి చేసుకుని, కంటికి కనపడనంత చిన్న ముడి వేసింది. భుజం నొప్పి వల్ల మగ్గం దిగి పదిహేనేళ్లు అయింది, వేళ్లు మాత్రం మరవలేదు.

ఆ ముసలామె ముడి తడిమి చూసి గట్టిగా నవ్వింది. ఏదో అంది. అత్తమ్మ తెలుగులో ఏదో అంది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆమె అత్తమ్మ చెయ్యి పట్టుకుని నిచ్చెన మీదుగా ఇంట్లోకి లాక్కుపోయింది. వెనకే నేను. నట్టింట్లో పెద్ద మట్టి జాడీ, అందులోంచి బయటికి వంగిన పొడవాటి వెదురు గొట్టాలు. రియూ కన్. వండిన బంక బియ్యంలో ఆకుల మందు కలిపి జాడీలో పులియబెట్టి, తాగేముందు పైనుంచి నీళ్లు పోస్తారు. ఎవరూ గ్లాసులో పోసుకోరు. చుట్టూ కూర్చుని, ఒక్కో గొట్టం పట్టుకుని, ఒకేసారి తాగాలి.

"అత్తా, ఇది కల్లు లెక్కటిదే," అని చెప్పాను.

"వాసనతోనే ఎరుకైంది," అంటూ కూర్చుని గొట్టం నోట్లో పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. తియ్యగా, పుల్లగా, వెనకాల పొగ వాసన. ముసలామె గేదె కొమ్ములో కొలిచి నీళ్లు పోస్తూ ఇంకా ఇంకా అని చేత్తో సైగ చేసింది. వెనక్కి వచ్చిన మా వాళ్లెవరో నిచ్చెన మీంచి ఫోన్ పెట్టి వీడియో తీశారు. కాలనీ గ్రూపులో పెట్టారు కూడా.

మేం నిచ్చెన దిగేలోపే మా ఆయన ఫోన్ చేశాడు. "అమ్మకు మందు తాపినవట! కాలనీల అందరు చూసిన్రు. ఇజ్జత్ తీస్తాన్నవ్."

నేను జవాబు చెప్పేలోపే అత్తమ్మ ఫోన్ లాక్కుంది. "ఓరి కొడుకా, నాకెవలు తాపలే. నేనే తాగిన. నిన్ను కన్న తెల్లారి పాలు పడుతలేవని మా అమ్మ నాకు తాటికల్లు తాపింది. గా పాలు తాగే నువ్వు పెరిగినవ్. అప్పుడు పోని ఇజ్జత్ ఇప్పుడెట్ల పోతది? మిర్చి కాంటా పెట్టుకో, పో." ఫోన్ నాకు ఇచ్చేసింది. ఏ మీట నొక్కాలో ఆమెకు తెలియదు, అతను అవతల ఇంకా ఉన్నాడు. నేను నొక్కాను.

పెద్దసారు ఆ పూట మాతో మాట్లాడలేదు. భోజనాల దగ్గర అందరికీ వినపడేట్టు, "కొందరికి వయసొచ్చినా బుద్ధి రాదు," అన్నారు. నేను పప్పు గరిటె కింద పెట్టి, "సార్, మా అత్తమ్మ ముడి వేసిన పోగు ఆ ఇంట్ల గుడ్డలో ఉంటది. మనం తిని పారేసిన పులిహోర ప్లేట్లు వాళ్ల చెత్తకుప్పలో ఉంటయి. బుద్ధి ఎవలకుందో నాకు తెల్వది," అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు పశ్చాత్తాపం లేదు.

ఆ తర్వాత దక్షిణాన సైగాన్. అక్కడి ఎండ మన రామప్ప దారిలో ఏప్రిల్ ఎండ లాంటిది. ఆ ఊళ్లో వాళ్లు దాహానికి వంద దారులు కనిపెట్టారు. చన్ మువోయ్ అంటే ఉప్పులో నెలల తరబడి ఊరిన నిమ్మకాయను చక్కెరతో నలిపి సోడా పోసి ఇస్తారు. అత్తమ్మ ఒక్క గుక్కకే, "మన ఊరవెట్టిన నిమ్మకాయ గద! దీన్ని బువ్వల కలుపుకుంటం గని తాగాలని మనకు తోచలె," అంది. రౌ మా అని ఆకుపచ్చ రసం ఇంకోటి. సరస్వతి ఆకును రుబ్బి వడకట్టి చక్కెర కలిపింది. తెలివి పెరుగుతుందని చిన్నప్పుడు మా నాన్న బలవంతంగా నమిలించిన ఆకు. ఇక్కడ జనం ముచ్చటపడి తాగుతున్నారు. అడుగున చిల్లులున్న రేకు గిన్నెలోంచి కాఫీ తియ్యటి గట్టి పాల మీదికి చుక్క చుక్కగా దిగుతుంటే, తొందరపడకుండా చూస్తూ కూర్చోవడం కూడా అక్కడే నేర్చుకున్నాను.

చివరి రోజు మార్కెట్ పక్కన ఒక బండికి తాటికాయల గెల వేలాడుతూ కనిపించింది. అత్తమ్మ అక్కడే ఆగిపోయింది. థోత్ నోత్ అని రాసి ఉంది. తాటి నీరా, ఐసు, అందులో తెల్లగా తేలుతున్న ముక్కలు.

"ముంజలే! పిల్లా, మన ముంజలే!" దారిన పోయేవాళ్లంతా తిరిగి చూసేట్టు అరిచింది. తాగి, "పులవనీయలె వీళ్లు. తీపి మీదనే ఆపిన్రు. అయినా మంచిగుంది," అని తీర్పు చెప్పింది.

మా వెనక ఎవరో నిలబడ్డట్టనిపించి తిరిగాను. పెద్దసారు భార్య. ఫ్లాస్కుల సంచీ భుజానికి ఉంది. ఏడు రోజుల్లో ఆమె నాతో పది మాటలు కూడా మాట్లాడలేదు. సంచీ కింద పెట్టి, మా పక్కన ఉన్న ఖాళీ పీట మీద కూర్చుంది.

"మా ఊళ్లె మా నాయిన ముంజలు కొట్టిచ్చేటోడు," అంది. "తొర్రూరు పక్కన. పెండ్లయినంక మల్ల తినలె."

బండి ఆమెకు అత్తమ్మ ఒక వేలు చూపించింది. అంతలో పెద్దసారు వచ్చారు. భార్య చేతిలో గ్లాసు చూసి నిలబడిపోయారు.

"లెవ్వు. పోదాం."

ఆమె తల ఎత్తలేదు. "తాగి వస్త."

"ఏం చెప్పిన నేను?"

"విన్న. తాగి వస్త."

ఎండలో ఆయన, నీడలో మేం ముగ్గురం. ఆమె తొందరపడలేదు. ముక్క ముక్కా నమిలింది. గ్లాసు అడుగున ఐసు కూడా వదలలేదు. ఆయన అలాగే నిలబడి ఉన్నారు. అప్పటికి బస్సు దిగిన ఆడవాళ్లు ఒక్కొక్కరే బండి చుట్టూ చేరారు. ఎవరూ ఆయనను అడగలేదు. బండి ఆమె ఉన్న పీటలన్నీ తెచ్చి వేసింది, చాలక పక్క బండివాడి దగ్గర అరువు తెచ్చింది. తిరుగు ప్రయాణంలో ఎవరికీ కడుపు చెడలేదు. ఫ్లాస్కుల్లో చాయ్ మాత్రం సగం మిగిలిపోయింది.

ఇంటికి వచ్చాక మా ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు అత్తమ్మ, "నన్ను అడుగు ఏం తాగిన్నో, చెప్త," అని పట్టుకుని కూర్చోబెట్టి గంటసేపు చెప్పింది. ఆఖరికి అతను, "ఆ జాడీది ఎట్లుంటదే?" అని అడిగాడు.

నెల తర్వాత కాలనీ గ్రూపులో ఇంకో టూరు పేర్ల పట్టీ వచ్చింది. మేం పేర్లు ఇచ్చినా అందులో మా ఇద్దరి పేర్లూ లేవు. నేను నేరుగా పెద్దసారు ఇంటికి వెళ్లాను.

"మీరు డిసిప్లిన్ పాటించరు గదమ్మా," అన్నారు, ఆయన లెక్కన చాలా మర్యాదగానే.

"పాటించం సార్. ఇంకోపారి పోయినా పాటించం. పేరు పెట్టుమని బతిమిలాడెటందుకు రాలె. గా మాట మీ మొకం మీద చెప్పుదామని వచ్చిన."

ఆయన ఏదో అనబోయారు. వంటింట్లోంచి ఆయన భార్య గొంతు వినిపించింది, పెద్దగా కాదు గానీ తడబాటు లేకుండా: "నా పేరు గూడ కొట్టెయ్యి. వాళ్లు పోయినప్పుడే పోత."

నేను నమస్కారం పెట్టి వచ్చేశాను. ఇంటికి వచ్చి చెబితే అత్తమ్మ మంచం మీద లేచి కూర్చుని, "ఆమెను మంగళారం పిలువు. ఆడికెళ్లి కొనుక్కొచ్చిన రేకు గిన్నెల కాఫీ దింపుదాం," అంది. ఆమె వచ్చింది. భర్తకు చెప్పి వచ్చిందో లేదో నేను అడగలేదు.